ఎడమవైపు హ్యాండిలు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చాక రెండో ఏడు అది. ఎండాకాలం. వంతెన ఇంకా కట్టలేదు.

ఆమె మధ్యాహ్నం వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మూగాయన అంటే మీరేనా?"

అవునని తల ఊపాను. ఆ పేరు యార్డులో పెట్టారు. పోలీసులు పట్టుకొచ్చిన దొంగ బండ్లు పెట్టే యార్డులో కాపలా ఉండేవాణ్ణి. బండ్లతో మాట్లాడే పని లేదు కదా, నోటికి అలవాటు తప్పింది. ఇప్పుడు ఎవరైనా పాత బండి కొంటుంటే నన్ను పిలుస్తారు. అది అసలుదా, అతుకుల బొంతా, ఎక్కడన్నా ఎత్తుకొచ్చిందా చెబుతాను. చదివింది మూడో తరగతి. నంబర్లు చదవడానికి అది చాలు.

"మా ఆయన మోటారు సైకిల్ కనబడింది బాబాయ్ గారూ. మా ఆయనే కనబడలేదు."

కూర్చోమన్నాను. కూర్చుంది. నీళ్లిచ్చాను. తాగలేదు.

వాళ్లాయన వడ్రంగి. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, రంపం తీసుకుంది. బండి వాళ్ల నాన్న నాటిది. ఒక డాక్టరుగారి మేడకి తలుపులన్నీ చేసినందుకు ఆయన ఇచ్చిపోయిన బండి. అలాంటివి చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొంటామని ఎంతమంది వచ్చినా వాళ్లాయన ఇవ్వలేదట. వరద రోజు ఆ బండి మీదే వంతెన ఎక్కాడని, తన కళ్ల ముందే నీళ్లు లాక్కుపోయాయని అతని తమ్ముడు చెప్పాడు. చూసినవాడు అతనొక్కడే. శవం దొరకలేదు. బండీ దొరకలేదు.

"కొందరు పోయాడన్నారు. కొందరు బండి అమ్ముకుని ఎవత్తెనో లేపుకుపోయాడన్నారు. మా అత్తగారికి చచ్చిపోయాడు. మా అక్కకి లేచిపోయాడు. నాకేమయ్యాడో నాకే తెలీదు. ఏడుద్దామంటే కోపం వస్తుంది. తిడదామంటే నోరు రాదు."

నిన్న బట్టలు ఆరేస్తుంటే వీధిలో ఆ బండి చప్పుడు వినబడిందట. మూడుసార్లు కొట్టి నాలుగోసారి మింగే చప్పుడు. తడిబట్ట అక్కడే పడేసి పరుగెత్తింది. బండి వెళ్లి వెళ్లి పాత బండ్లు అమ్మే ఒక షెడ్డులోకి దూరింది.

"నాకు చెప్పాల్సింది ఒక్కటే. అది ఆయన అమ్మాడా, అమ్మలేదా?"

"ఇల్లు ఎవరు చూస్తున్నారమ్మా?"

"మా మరిది. ఉన్నమాట చెప్పాలి, నాకూ అత్తయ్యకీ ఏ లోటూ చెయ్యలేదు. కలప కోత అడితీ కూడా తనే చూసుకుంటున్నాడు. వరద బురద కోత గొయ్యి నిండితే దగ్గరుండి పూడ్పించాడు."

కోత గొయ్యి నాకు తెలుసు. దుంగ పైన పెట్టి, ఒకడు కింద గొయ్యిలో దిగి, ఒకడు పైన నిలబడి రంపం లాగుతారు. కిందవాడి నెత్తి నిండా పొట్టే.

"ఇప్పుడు కోత మిషన్ మీదేలెండి. గొయ్యి మీద టేకు దుంగలు పేర్చాడు. మా అడితీలో అన్నీ అమ్ముడుపోతాయి, ఆ దుంగలు తప్ప. ఎంత బేరం వచ్చినా పొమ్మంటాడు. పెళ్లికూతురికి కూడా అంత గీర ఉండదు."

"ఇక్కడికొస్తున్నట్టు అతనికి చెప్పావా?"

"లేదు. బండి కనబడింది, చూసొస్తానని అత్తయ్యతో అన్నాను. ఎక్కడో చెప్పలేదు. మా మరిదికి ఆ బండంటేనే ఒళ్లుమంట. దాని పేరు ఎత్తనివ్వడు."

చొక్కా తొడుక్కున్నాను. టార్చి, స్క్రూడ్రైవరు, పట్టకారు జేబులో వేసుకున్నాను.

షెడ్డు ఇనప షట్టరు మూసి ఉంది. గొళ్లెం పెట్టలేదు. పైకి లాగితే రాలేదు. ఆమె కూడా చెయ్యి వేసింది. కదల్లేదు.

లోపల్నుంచి అరిచారు: "అది అలా రాదండీ! ఎడమవైపు అడుగున కాలితో తన్ని, అప్పుడు ఎత్తండి! కొత్తవాళ్లందరికీ ఇదే పాట్లు!"

తన్నాను. ఎత్తాను. వచ్చింది.

షెడ్డాయన మా వెనకే షట్టరు దించి, నా కాళ్ల చెప్పులు చూశాడు, తర్వాత మొహం చూశాడు. బేరగాడు కాదని తెలిసిపోయింది. కొనేవాళ్ల తరఫున వచ్చానన్నాను. ఆమె మా అన్న కూతురన్నాను. రెండూ అబద్ధాలే.

"కొనేవాళ్లు వేరే ఆయన్ని పెట్టుకున్నారే? కాగితం తెస్తున్నాడు. రేపు పొద్దున్నే బండి వెళ్లిపోతుంది."

"రెండో కన్ను."

"చూసుకోండి. చూడ్డానికి డబ్బుల్లేవు."

బండి మధ్యలో ఉంది, కింద చాప వేసి. నల్ల రంగు, ట్యాంకు మీద బంగారు గీత. ఆమె దగ్గరికి పోలేదు. గోడకి ఆనుకుని నిలబడి కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఎవరి దగ్గర కొన్నారు?"

"తోటల వైపు ఒక ముసలాయన. కదలకుండా దాచుకున్నాడు. దీని మీద వానచుక్క పడలేదు."

"ఎప్పుడు?"

"మొన్న చలికాలం."

"పేరు?"

"పోయాడు పాపం."

"పేరు కూడా పోయిందా?"

నవ్వాడు. పళ్లు మాత్రమే నవ్వాయి.

నేను వంగాను. ఇంజను నంబరు చూశాను, ఛాసిస్ నంబరు చూశాను. టార్చి పక్కనుంచి వేస్తే గీకి మళ్లీ కొట్టిన నంబరు కింద గుంట కనబడుతుంది. ఇక్కడ గుంట లేదు. అచ్చు ఒకే చేతిది.

అప్పుడు బయట షట్టరు మీద దబదబా బాదారు. షెడ్డాయన మళ్లీ పాఠం చెప్పాడు. ఎడమవైపు, అడుగున, కాలితో. మనిషి లోపలికొచ్చి షట్టరు దించాడు.

హెడ్డు. యార్డులో నేను కాపలా ఉన్నన్నాళ్లూ అతను హెడ్ కానిస్టేబులు. నేను చెప్పింది అతను రాసేవాడు, కింద సంతకం అతనిది. తప్పులేదు, రాయడం నాకు రాదు. రిటైరయ్యాక అతనూ ఇదే పనిలోకి దిగాడు. అతనికి బోర్డుంది. నాకు గుమ్మం ఉంది.

"మూగోడా! నువ్వా! నేను కాగితం ఇచ్చే బండికి నువ్వెందుకొచ్చావురా, పెళ్లికి పిల్లిలాగా?"

"చూద్దామని."

"ఏం చూస్తావు? చూసేశాను." జేబులోంచి సర్టిఫికెట్టు తీసి ఊపాడు. "ఇంజను అసలుది. ఛాసిస్ అసలుది. మూడు అంకెకి తలకాయ విరిగి ఉంటుంది, ఆ ఏడాది కంపెనీ అచ్చు అలాగే విరిగింది. ఇక్కడా విరిగే ఉంది. కాదను చూద్దాం."

కాదనలేదు. మూడుకి తలకాయ విరిగింది నిజమే. ఆ సంగతి నాకు తెలీదు. హెడ్డుకి పని తెలుసు, ఆ మాట ఎప్పుడైనా ఒప్పుకుంటాను. రానిది ఓపిక.

గోడ దగ్గర్నుంచి ఆమె మెల్లిగా అంది: "మా ఆయన పోయాడని కాగితం రాసింది ఈయనే."

హెడ్డు తిరిగి చూశాడు. మొహం మారింది. "ఎవరీమె?"

"వంతెన మీద పోయాడని రాశావే వడ్రంగి, ఆయన భార్య."

"ఓహో. అన్న కూతురు కాదన్నమాట." షెడ్డాయన లేచి నిలబడ్డాడు. "అయ్యా, బయటికి దయచేయండి."

"బండి అసలుదే," అన్నాను. "మరీ అసలుదిగా ఉంది. అదే బాలేదు."

"అంటే?"

మాట్లాడ్డం కష్టమే. అయినా మాట్లాడాను. "రోజూ తొక్కిన బండి ఇది. కాలు పెట్టే రబ్బరు చూడు, కొత్తది. సీటు తోలు కొత్తది. గేరు పుల్ల కొత్తది. ఇన్నేళ్లు ఎక్కిన మనిషి గుర్తు ఒక్కటి లేదు. ముసలాయన దాచుకుంటే దుమ్ముండాలి. దీన్ని బాగు చెయ్యలేదు. మనిషిని తుడిచేశారు."

"అలా తుడిస్తేనేరా రేటు!" అన్నాడు హెడ్డు. "కంపెనీ నుంచి దిగినట్టుండాలి. ఎవడి ముడ్డి గుర్తో ఉంటే ఎవడు కొంటాడు?"

ఆమె వైపు తిరిగాను. "ఎడమచెయ్యి ఎలా పట్టేవాడమ్మా?"

"రెండు వేళ్లు లేవు కదా, క్లచ్చు అందేది కాదు. హ్యాండిలుకి బెజ్జం వేసి, ఇనప బద్ద బిగించి, దగ్గరికి తెచ్చుకున్నాడు."

ఇప్పుడున్నది కంపెనీ లివరు. బద్ద లేదు, బెజ్జం లేదు. వేలితో తడిమాను. రంగు నున్నగా ఉంది.

తాళంచెవి తీసి కుడి హ్యాండిలు మీద కొట్టాను. గంటలా మోగింది. ఎడమ హ్యాండిలు మీద కొట్టాను. దబ్బుమంది. గోడ మీద కొట్టినట్టు.

హెడ్డు కనుబొమ్మలు ముడిచాడు. అతనూ విన్నాడు.

ఎడమ గ్రిప్పు తిప్పి లాగాను. గొట్టం చివర ఒక చెక్క బిరడా. ఉలితో తిప్పి తిప్పి చెక్కినట్టు గుండ్రంగా, ఒక్క వెంట్రుక ఎక్కువా తక్కువా లేకుండా కూర్చుంది. పట్టకారు తీశాను.

"ముట్టుకోకు!" షెడ్డాయన అరిచాడు. "అది కంపెనీ బిరడా! గ్రిప్పులు మార్చాం గానీ మేమే దాన్ని తాకలేదు. అసలు సామాను కదిపితే రేటు సగానికి పడిపోతుంది!"

"నిజమే," అన్నాడు హెడ్డు. "సర్టిఫికెట్లో రాశాను కూడా. కుడివైపుది పోయింది, ఎడమవైపుది నిలిచింది అని."

ఆమె గోడ వదిలి వచ్చింది. వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"రెండు గాట్లు," అంది.

బిరడా అంచున సన్నగా రెండు గీతలు.

"మా మంచం కోళ్లకి ఇవే గాట్లు. తలుపు పిడికి ఇవే. మా అత్తయ్య చేతికర్రకి ఇవే. ఏం చేసినా చివర్న రెండు గాట్లు పెట్టకపోతే ఆయన చేతికి నిద్ర పట్టదు."

షెడ్డాయన వైపు చూశాను. "కంపెనీవాళ్లు వీళ్లింటికొచ్చి మంచాలు కూడా చేసిపోయారా?"

అతను కూర్చున్నాడు. చేత్తో మొహం తుడుచుకున్నాడు. లేచి హెడ్డుని చూశాడు, ఆమెని చూశాడు. గొంతు మెత్తబడింది.

"చెబుతానమ్మా. దాచడం తప్పే. ఇది మీ ఆయన బండే. ముసలాయనా లేడు, తోటా లేదు. ఏట్లో ఇసక తవ్వేవాళ్లకి దొరికింది. మొన్న చలికాలం. లోతున కూరుకుపోయి ఉందట. రాత్రికి రాత్రి తెచ్చి పడేసి పోయారు. వాళ్లెవరో నాకు తెలీదు. పోలీసులు, గొడవలు... భయపడి అబద్ధమాడాను. ఒట్టు. ఏట్లోంచి వచ్చింది."

హెడ్డు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "విన్నావా మూగోడా? ఏట్లోంచి వచ్చింది. వంతెన మీదే పోయాడు. నేను రాసిందే ఖాయం."

ఆమె చాప మీద కూలబడింది. ఏడ్చింది. ఏడుపులో నవ్వుంది. అలాంటిది నేను అంతకుముందు చూళ్లేదు.

"పోలేదు," అంది. "ఎవత్తెతోనూ పోలేదు. అమ్ముకోలేదు. నేనే పాపిష్టిదాన్ని, రెండేళ్లు తిట్టుకున్నాను. ఇంక చాలు బాబాయ్ గారూ. బండి కూడా వద్దు. నాకిది చాలు."

అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆమె అడిగింది దొరికింది. అడిగినదానికంటే మంచిదే దొరికింది. పట్టకారు నా చేతిలో ఉంది. జేబులో పెట్టుకుని ఇంటికి పోతే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది.

"ఎందుకు దబ్బుమందమ్మా ఎడమవైపు?" అన్నాను.

కళ్లు తుడుచుకుంది. "అదా. ఉన్న మూడు వేళ్లూ బండి అదురుకి తిమ్మిరెక్కేవి. గొట్టంలో రంపపు పొట్టు కూరాడు. మన టేకు పొట్టే. పోసి, కర్రతో దట్టించి, బిరడా కొట్టాడు. అదురు పోయిందని ఇంతింత మొహం చేసుకున్నాడు."

హెడ్డు నన్ను చూశాడు. అతనికి అర్థమైంది. ఆమె కంటే ముందే అర్థమైంది.

"వద్దురా," అన్నాడు. మొదటిసారి మెల్లిగా అన్నాడు.

బిరడా లాగాను. బండి హ్యాండిలు వంచాను. స్క్రూడ్రైవరుతో లోపల కదిపాను.

పొట్టు రాలింది. చాప మీద, ఆమె ముందు. పొడిగా, పలుకు పలుకుగా, నిన్న కోసినట్టు. ఎండు టేకు వాసన షెడ్డంతా వచ్చింది. మధ్యలో చిటికెడు నల్లగా మాడిన పొట్టు పడింది. మళ్లీ మామూలుది పడింది.

గొట్టంలోకి టార్చి వేశాను. లోపలి గోడకి పెసరగింజంత పసుపు చుక్క. బెజ్జాన్ని ఇత్తడితో మాటేశారు. ఆ వేడికే పొట్టు మాడింది. పైన రంగు వేసినవాళ్లకి లోపలి సంగతి పట్టలేదు. బిరడా తీసుంటే చూసేవాళ్లే. అసలు సామానని మొక్కి వదిలేశారు.

"ఏట్లో ఉన్న పొట్టు ఇలా ఉంటుందా హెడ్డూ?"

సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పు. నువ్వేగా రాసేది."

"ముద్దయి కుళ్లిపోవాలి," అన్నాడు.

ఆమె పొట్టు మీద చెయ్యి పెట్టింది. పిడికిట్లోకి తీసుకుని వాసన చూసింది. నవ్వు పోయింది. ఏడుపూ పోయింది.

"అయితే ఈ బండి వంతెన ఎక్కలేదు," అంది.

"ఎక్కలేదు."

"ఎక్కిందని చూసినవాడు..."

ఆ మాట పూర్తి కాలేదు. నేను షెడ్డాయన్ని అడిగాను, ఎవరు తెచ్చారని. నాకేం తెలీదన్నాడు. మళ్లీ అడిగాను. నేల చూశాడు. అప్పుడు బయట అడుగుల చప్పుడు అయింది. షట్టరు దగ్గర ఆగింది.

ఎవరూ బాదలేదు. లోపల్నుంచి ఎవరూ పాఠం చెప్పలేదు. ఎడమవైపు అడుగున ఒక్క తన్ను. షట్టరు జర్రున పైకి లేచింది.

ముప్పై దాటని మనిషి. చొక్కా మీద రంపపు పొట్టు. నవ్వుతున్నాడు.

"ఇదేనా వదినా ఆ షెడ్డు? వెతుక్కుంటూ వచ్చాను. బండి చూడ్డానికి పోయావని అమ్మ చెప్పింది. పొద్దుపోతోంది, రా, వెళ్దాం."

మేం నలుగురం కదల్లేదు.

"అత్తయ్యకి నేను చోటు చెప్పలేదు," అంది ఆమె. అతనికి కాదు, నాకు చెప్పింది.

తర్వాత చాప మీది పొట్టు రెండు చేతులతో పోగు చేసింది. మాడినది కూడా వదల్లేదు. కొంగులో పోసి ముడి వేసింది. లేచి నిలబడింది.

"ఏంటి వదినా కొంగులో కట్టావు?"

"మీ అన్నయ్యని."

అతని కళ్లు ఆమె మొహం మీద నుంచి కొంగు మీదికి పోయాయి. కొంగు మీద నుంచి ఊడిన గ్రిప్పు మీదికి, బిరడా మీదికి. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. చెయ్యి పైకెత్తాడు. షట్టరు మా మొహాల మీద దబ్బున పడింది. గొళ్లెం పడిన చప్పుడు విన్నాను.

హెడ్డు పరుగెత్తి భుజంతో గుద్దాడు. ఆ వయసులో ఆ గుద్దుకి ఇనుము కదులుతుందా. బాదుతూ కేకలు పెట్టాడు. వెనక తలుపు లేదు.

షెడ్డాయన అప్పుడు నోరు విప్పాడు. వరద తీసిన వారానికే ఆ మరిది బండి తెచ్చాడట. అన్న అమ్మమన్నాడు అని చెప్పాడట. వాడు అబద్ధమాడుతున్నాడని తెలుసట. "అడిగితే బండి చేజారేది," అన్నాడు.

దారిన పోయేవాళ్లు ఎవరో విని గొళ్లెం తీసేసరికి వీధి ఖాళీ.

"పొట్టు సాక్ష్యం కాదురా," అన్నాడు హెడ్డు. గొంతు పోయింది. "కొంగులో పొట్టు చూపించి కేసు తిరగదోడమంటే స్టేషన్లో నవ్వుతారు. ముందు నన్ను చూసి నవ్వుతారు."

"నవ్వనీ," అన్నాను. ఆమెని అడిగాను: "ఆ దుంగలు ఎందుకు అమ్మడమ్మా మీ మరిది?"

ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి పోయి, అక్కడే బిగుసుకుంది.

ఆ రాత్రి ఆమెని మా చెల్లెలింట్లో పడుకోబెట్టాను. పడుకోలేదని చెల్లెలు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే గునపం తీసుకుని అడితీకి వెళ్లాను. మరిది ఇంటికి రాలేదు. కోత గొయ్యి మీద దుంగలు అలాగే ఉన్నాయి, అడుగువాటికి చెద పట్టి. పైది పట్టుకున్నాను. ఒక్కడికి లేవలేదు. అవతలి చివర ఎవరో వంగారు. చూస్తే హెడ్డు. చొక్కా విప్పి గోడకి తగిలించి వచ్చాడు.

ఆమె దూరంగా నిలబడింది. వాళ్లత్తగారు చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కర్ర చివర్న రెండు గాట్లు.

"ఎవరయ్యా మీరు? నా కొడుకుని అడక్కుండా ఎందుకు తీస్తున్నారు?"

ఏ కొడుకుని అని నేను అడగలేదు. దుంగ ఎత్తాం.